లకుముకి పిట్ట, ఎడమ చెవి వెనక

ఆ వీధిలో క్లిక్కయ్య అంటే తెలియని వాళ్ళు లేరు. అసలు పేరు అడిగితే మాత్రం నలుగురూ నాలుగు రకాలుగా చెబుతారు. ఉత్తరాలు తెచ్చే ఆయన కూడా కవరు మీద పేరు చూసి, "ఇదెవరబ్బా!" అని తల గోక్కుని, ఇంటి నంబరు చూశాక, "ఓహో, మన క్లిక్కయ్యగారా!" అనుకుని గేటులో పడేసి పోతాడు.

వారమంతా ఆయన ఇన్సూరెన్సు ఆఫీసులో కూర్చుని, ఒకదాన్నొకటి గుద్దుకున్న కార్ల ఫైళ్ళు చూస్తాడు. సెలవు రోజుల్లో మాత్రం ఫోటోగ్రాఫరు. తెల్లారకుండానే లేచి, ఒంటి నిండా జేబులున్న కోటు తొడుక్కుని, ఏ జేబులో ఏం పెట్టాడో తనకే గుర్తులేక ఒళ్ళంతా తడుముకుంటూ బయల్దేరతాడు. పొగమంచు, పువ్వు, పురుగు, పిట్ట, ఏదీ ఆయన చేతిలోంచి తప్పించుకోలేదు. ఒక్క భార్య తప్ప.

అసలు తీయడని కాదు. తీస్తాడు. "వెలుతురు ఎలా ఉందో చూస్తాను, ఒక్క క్షణం అక్కడ నిలబడు," అంటాడు. ఆవిడ నిలబడుతుంది. నొక్కుతాడు. చూసుకుంటాడు. "ఆఁ, బాగుంది, ఇంక తప్పుకో," అంటాడు. ఆవిడ తప్పుకోగానే ఆ ఫోటో చెరిపేసి, ఆవిడ వెనకున్న చెట్టుని తీస్తాడు.

పెళ్ళైన కొత్తలో కొండల్లోకి వెళ్ళినప్పుడు తీసిన ఫోటో ఒకటి హాల్లో గోడకి ఉంది. అందులో ఆవిడ ఉన్నమాట నిజమే. కొండ ఎంత పెద్దదో చూసేవాళ్ళకి తెలియాలని కింద మూల నిలబెట్టాడు. భూతద్దం పెట్టి వెతికితే చీమ కన్నా కాస్త పెద్దగా కనబడుతుంది. ఇంటికి ఎవరొచ్చినా క్లిక్కయ్య వేలు పెట్టి, "ఇదిగో, మా ఆవిడ!" అని గర్వంగా చూపిస్తాడు.

ఇన్నాళ్ళూ ఆవిడ దీన్ని నవ్వేసి ఊరుకుంది. ఆవిడ లెక్కల టీచరు. ఈ మధ్యనే అదే బడికి హెడ్మిస్ట్రెస్ అయింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ బళ్ళో హెడ్మాస్టరు గది బయట వరండా గోడకి, ఇదివరకు పనిచేసిన హెడ్మాస్టర్ల ఫోటోలన్నీ వరసగా ఉంటాయి. వరస చివర ఈవిడ కోసం మేకు కొట్టారు, చట్రం తగిలించారు, కింద పేరు పలక బిగించారు. ఫోటో ఒక్కటే లేదు.

శుక్రవారం సాయంత్రం ఆవిడ బడి నుంచి వస్తూనే సంచీ కుర్చీలో పడేసింది.

"ఇవాళ పిల్లలు ఏం చేస్తున్నారో తెలుసా? నా చట్రంలో అద్దం ఉంది, దాని వెనక నల్ల కాగితం ఉంది కదా! మొదటి గంటకి ముందు వరసగా నిలబడి, దాంట్లో చూసుకుని తలలు దువ్వుకుంటున్నారు."

"మంచిదేగా. నీటుగా ఉంటారు," అన్నాడు క్లిక్కయ్య, లెన్సు తుడుచుకుంటూ.

"నిన్న ఒక పిల్లాడి తండ్రి వచ్చాడు. ఖాళీ చట్రం, కింద నా పేరు చూసి, పాపం, చేతులు కట్టుకుని కాసేపు తల దించుకుని నిలబడ్డాడు. తర్వాత గదిలోకి వచ్చి నన్ను చూసి హడలిపోయాడు."

"స్టూడియోకి వెళ్ళి తీయించుకోరాదూ?"

"వెళ్ళాను. 'మీ ఆయన ఉండగా నేను తీయడమేంటమ్మా! రేపు ఆయనొచ్చి ముక్కు నీడ తప్పుగా పడిందని పొద్దుగూకేదాకా కూర్చుంటారు. ఒకసారి అయింది, చాలు' అన్నాడు."

"ముక్కు నీడ తప్పుగా పడితే తప్పని చెప్పొద్దూ?"

"సోమవారం కమిటీ వాళ్ళు వస్తున్నారు. ఆ వేళకి నా మొహం ఆ గోడ మీద ఉండాలి. లేకపోతే ఉంది కదా మీ కొండ ఫోటో! అదే పట్టుకెళ్ళి పెడతాను. కింద మూల నేనున్నానని అందరికీ వేలు పెట్టి చూపిస్తాను. తీసింది మా ఆయనే అని కూడా చెబుతాను."

క్లిక్కయ్య లెన్సు తుడవడం ఆపేశాడు. ఎందుకంటే ఈ ఆదివారం మీద ఆయన పెట్టుకున్న ఆశలు వేరే ఉన్నాయి.

ఊళ్ళో ఫోటోగ్రాఫర్ల క్లబ్బు ఒకటుంది. ఏడాదికోసారి లైబ్రరీ హాల్లో మంచి ఫోటోలు గోడలకి పెడతారు. దాని అధ్యక్షుడు ఒక పెద్దాయన. ఎవరు ఏ ఫోటో ఇచ్చినా జేబులోంచి భూతద్దం తీసి, ముక్కు ఆనించి చూసి, "మెత్తగా ఉందోయ్!" అని తిరిగిచ్చేస్తాడు. గీతలు చురుగ్గా లేవని దానర్థం. అందుకని సభ్యులంతా ఆయన చాటున ఆయన్ని మెత్తన్న అంటారు. క్లిక్కయ్య ఐదేళ్ళుగా ఫోటోలు ఇస్తున్నాడు. ఐదేళ్ళుగా మెత్తగా ఉన్నాయి. ఈ ఏడాది గడువు ఆదివారం సాయంత్రం.

కొత్త కెమేరా వచ్చింది. పిట్ట కూడా దొరికింది. ఊరి బయట రిజర్వాయరు గట్టు కింద, నీళ్ళలోంచి పైకి పొడుచుకొచ్చిన తుప్పు పట్టిన గొట్టం మీద, రోజూ పొద్దున్నే ఒక లకుముకి పిట్ట వచ్చి కూర్చుంటుంది. నీలం రంగు, నారింజ రంగు పొట్ట, ఇంత పొడుగు ముక్కు. ఒక్కటే చిక్కు. క్లిక్కయ్య వంగి, నక్కి, ఊపిరి బిగబట్టి దగ్గరికి పోయిన ప్రతిసారీ అది తుర్రుమంటుంది. అదే గట్టు మీద మనుషులు గట్టిగా కబుర్లు చెప్పుకుంటూ పోతుంటే మాత్రం కళ్ళు కూడా తిప్పదు. దానికి మనుషులంటే భయం లేదు. తన వంక చూసే మనుషులంటేనే భయం.

ఆ రాత్రి అన్నం తింటుంటే క్లిక్కయ్య బుర్రలో దీపం వెలిగింది. భార్యని గట్టు మీద నిలబెట్టి, "ఇటు చూడు, నవ్వు," అని హడావిడి చేస్తే, పిట్ట దాని మానాన అది కూర్చుంటుంది. ఆవిడ చెవి పక్కనుంచి గురి చూసి పిట్టని కొట్టెయ్యొచ్చు. తనని తీస్తున్నారని పిట్టకి తెలియకూడదు, తనని తీయడం లేదని భార్యకి తెలియకూడదు. ఆఖర్న ఆవిడది కూడా ఒకటి నొక్కేస్తే ఇంట్లో గొడవుండదు. ఇంత తెలివి తనకెక్కణ్ణుంచి వచ్చిందా అని క్లిక్కయ్య మజ్జిగ తాగుతూ తనకి తనే ముచ్చటపడ్డాడు.

"ఏమోయ్, ఆదివారం పొద్దున్నే రిజర్వాయరు గట్టుకి వెళ్దాం. నీ ఫోటో అక్కడ తీస్తాను. లేత ఎండలో."

ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది.

"నాదా?"

"నీదే."

"నేను తప్పుకున్నాక తీసేది కాదుగా?"

"ఛ! నువ్వుండగానే."

ఆవిడ ఆయన మొహంలోకి కాసేపు చూసింది. గడి తప్పిన కూడిక చూసినట్టు చూసింది. తర్వాత, "సరే. అమ్మని కూడా రమ్మంటాను. సరదాగా ఉంటుంది," అంది. ఇంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు అనుమానించాల్సింది. క్లిక్కయ్య ఇంకో గ్లాసు మజ్జిగ అడిగాడు.

శనివారం మధ్యాహ్నం ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది. "ఈ కొత్త కెమేరా ఎలా పనిచేస్తుందో చెప్పండి," అంది.

క్లిక్కయ్యకి ఆనందంతో నోట మాట రాలేదు. వచ్చాక మాత్రం ఆగలేదు. వెలుతురు సంగతి చెప్పాడు, అద్దాల సంగతి చెప్పాడు, ఆకుపచ్చ గడి సంగతి చెప్పాడు.

"చూశావా? ఈ ఆకుపచ్చ గడి ఎక్కడ వాలితే అక్కడ బొమ్మ కత్తిలా వస్తుంది. మిగిలిందంతా మసక. కళ్ళు ఎక్కడున్నాయో దానంతటదే వెతుక్కుంటుంది. మనిషైనా సరే, పిట్టైనా సరే."

"ఇద్దరూ ఉంటే?"

"మంచి ప్రశ్న! ఏది నచ్చితే అది. ఇంకో చాదస్తం కూడా ఉందిట ఇందులో. మనవాళ్ళ మొహం ఒకసారి చూపించి ఎక్కిస్తే, ఇంక ఎంత గుంపులో ఉన్నా వాళ్ళనే పట్టుకుంటుందిట. ఇదిగో, ఇక్కడ నొక్కాలి. పుట్టినరోజుల ఫోటోలు తీసేవాళ్ళకి పనికొస్తుంది. మనకెందుకు?"

"అలాగా," అందావిడ.

లెక్కల టీచరు "అలాగా" అన్నదంటే, ఎదుటివాడి లెక్కలో తప్పు ఎక్కడుందో దొరికిందని అర్థం. బడి పిల్లలందరికీ తెలుసు ఆ సంగతి. కట్టుకున్నవాడికి తెలియదు. అంతసేపు మాట్లాడిన అలసటకి ఆయన మంచం ఎక్కి గుర్రు పెట్టాడు. సాయంత్రం లేచేసరికి అత్తగారు మడత కుర్చీతో సహా దిగింది. లోపలి గదిలో తల్లీకూతుళ్ళు కిసకిసా నవ్వుకుంటున్నారు. బట్టలు ఎంచుకుంటున్నారు కాబోలనుకున్నాడు.

ఆదివారం ఎండ లేతగా, గాలి చల్లగా, నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అత్తగారు గట్టు మీద ఒక పక్కన కుర్చీ వేసుకుని కమలాపళ్ళు ఒలవడం మొదలుపెట్టింది. క్లిక్కయ్య భార్యని ఒకచోట నిలబెట్టి, తను వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. నడుస్తూనే ఉన్నాడు.

"ఏమండీ! ఎక్కడికి పోతున్నారు?"

"ఇది పెద్ద లెన్సు! దూరం నుంచి తీయాలి!"

"నేనేమన్నా పులినా, అంత దూరం నుంచి తీయడానికి?"

"దూరం నుంచి తీస్తే మొహం అందంగా వస్తుంది!"

"అంటే దగ్గర్నుంచి బాగుండనా?"

పొద్దున నడకకి వచ్చిన పెద్దమనుషులిద్దరు అక్కడే ఆగిపోయారు. దీనికి ఏం జవాబు చెబుతాడో విని వెళ్దామని నిలబడ్డారు. క్లిక్కయ్య వినబడనట్టు కెమేరా వెనక దాక్కున్నాడు.

"కొంచెం ఎడమకి జరుగు! ఇంకాస్త. అంత వద్దు. తల ఇటు వంచు. ఎడమ చెవి కొంచెం పక్కకి పెట్టు!"

"చెవి పక్కకి పెట్టడమేమిటండీ? చెవి ఎప్పుడూ పక్కకే ఉంటుంది!"

"కరక్టే కదండీ," అన్నాడు పెద్దమనుషుల్లో ఒకాయన.

అప్పుడు వచ్చింది పిట్ట. నీలం గీతలా నీళ్ళ మీదుగా దూసుకొచ్చి గొట్టం మీద వాలింది. భార్య ఎడమ చెవి పక్కనే, చక్కగా, చెప్పి చేయించినట్టు కూర్చుంది. క్లిక్కయ్య కన్ను ఆనించి మీట సగం నొక్కాడు. ఆకుపచ్చ గడి పిట్ట మీద వాలబోయి, ఏదో గుర్తొచ్చినట్టు ఎగిరి భార్య కంటి మీద కూర్చుంది.

మళ్ళీ పిట్టకి గురి పెట్టి నొక్కాడు. మళ్ళీ భార్య. కెమేరాని పూర్తిగా పిట్ట వైపు తిప్పాడు. భార్య మొహంలో సగమే కనబడుతోంది. ఆ సగాన్నే పట్టుకుంది గడి.

"కొంచెం అటు తిరుగు!"

"అటా? బడి గోడ మీద నా వీపు పెట్టిస్తారా?"

"ఒక్క క్షణం! వెలుతురు చూసుకోవాలి!"

"అదిగో, మొదలైంది," అంటూ ఆవిడ అటు తిరిగింది. మొహం తప్పుకుంది. ఇంక పిట్ట తనదే అనుకుని నొక్కాడు. గడి గిర్రున తిరిగి, బొమ్మ అంచున కమలాపండు తింటున్న అత్తగారి మీద వాలింది.

"అత్తయ్యగారూ! కాస్త ఆ పక్కకి జరుగుతారా?"

"నాకు ఎండ తగులుతోందనా బాబూ? అడిగారు చూడండి, అదే చాలు," అని ఆవిడ మురిసిపోతూ కుర్చీ ఎత్తుకుని ఆ పక్కకి జరిగింది. ఇప్పుడు బొమ్మలో ఇంకా బాగా కనబడుతోంది. గడి ఆవిడ కళ్ళద్దాల మీద స్థిరంగా కూర్చుంది.

కెమేరాకి ఏదో పట్టిందనుకున్నాడు క్లిక్కయ్య. కంగారులో కనబడ్డ బటన్లన్నీ నొక్కాడు. దాంతో గడి పోలేదు కానీ, తెర మీద అక్షరాలు మారిపోయాయి. పుట్టి బుద్ధెరిగి ఎక్కడా చూడని లిపి. కొన్ని గుడిసెల్లా ఉన్నాయి, కొన్ని గొడుగుల్లా ఉన్నాయి.

గొడుగులు చూడగానే ఇంకో ఉపాయం తట్టింది.

"ఇదిగో, కార్లో గొడుగుంది కదా! తెచ్చి మొహానికి అడ్డం పెట్టుకో!"

ఆవిడ గిరుక్కున ఇటు తిరిగి చూసింది. ఆ చూపుకి క్లిక్కయ్య వేలు దానంతటదే మీట నొక్కేసింది.

"నా ఫోటోకా?" అందావిడ నెమ్మదిగా.

"అవును."

"నా మొహం కనబడకుండా?"

"ఒకరకం... అదొక రకం కళ."

"ఏమండీ, నిజం చెప్పండి. ఆ ఫోటోలో నేనెక్కడుంటాను?"

క్లిక్కయ్యకి జవాబు చెప్పే తీరిక లేదు. గొట్టం మీద పిట్ట ఒక్కసారి మెడ చాచి, బాణంలా నీళ్ళలోకి దూకి, నోట్లో చేపతో పైకి లేచింది. మళ్ళీ గొట్టం మీద కూర్చుని చేపని గాల్లోకి ఎగరేసింది. ఫోటోగ్రాఫరు జన్మలో ఒక్కసారి కనబడే దృశ్యం. క్లిక్కయ్య మీట గట్టిగా నొక్కిపట్టి, ఇంకాస్త బాగా కనబడాలని ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ అడుగు కింద గట్టు లేదు.

"ఏమండీ! జాగ్రత్త!" అని భార్య అరిచిన అరుపుకి పిట్ట ఎగిరిపోయింది. క్లిక్కయ్య వాలులో జారుకుంటూ వెళ్ళి మోకాలి లోతు బురదలో వెల్లకిలా పడ్డాడు. కెమేరా మాత్రం రెండు చేతులతో ఆకాశానికి ఎత్తి పట్టుకున్నాడు. మీట మీంచి వేలు తీయలేదు. అది టకటకా కొడుతూనే ఉంది.

పెద్దమనుషులిద్దరూ దిగి చెరో చెయ్యీ పట్టి లాగారు. అత్తగారు ఒక కమలాపండు తొన ఇచ్చింది. భార్య పరుగెత్తుకొచ్చి దెబ్బలేమన్నా తగిలాయా అని ఒళ్ళంతా తడిమి చూసింది. తగల్లేదని తేలాక, "గొడుగు తెస్తున్నాను, ఉండండి," అంది.

దారి పొడుగునా క్లిక్కయ్య బురద కారుతున్నా మీసం మెలేస్తూనే ఉన్నాడు. చేప గాల్లో ఉండగా నొక్కాడు. ఏదో ఒకటి చురుగ్గా వచ్చి ఉంటుంది. ఇంటికి రాగానే కాళ్ళు కూడా కడుక్కోకుండా కంప్యూటరు ముందు కూర్చున్నాడు. క్లబ్బుకి పంపాల్సిన ఉత్తరం నిన్ననే తయారుచేసి పెట్టుకున్నాడు. ఫోటోకి పేరు ఇప్పుడు చేర్చాడు, "జలచర సంహారం" అని. ఫోటో జత చేయడమే తరువాయి.

మొదటి ఫోటో తెరిచాడు. భార్య. కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా కనబడుతున్నాయి. ఎడమ చెవి వెనక ఏదో నీలం మచ్చ. రెండోది తెరిచాడు. భార్య, నీలం మచ్చ. ఆ తర్వాతది అత్తగారు, కమలాపండు. మళ్ళీ భార్య. చేప ఎగిరిన క్షణం కూడా దొరికింది. భార్య నోరు పూర్తిగా తెరిచి, కళ్ళు పెద్దవి చేసి, చెయ్యి ముందుకి చాపి అరుస్తోంది. పళ్ళు సైతం చురుగ్గా వచ్చాయి. చెవి వెనక నీలం మచ్చ, మచ్చ పైన ఒక వెండి చుక్క. ఆ చుక్కే చేప.

"ఎంత బాగా తీశారు అల్లుడుగారూ!" అంది వెనక నిలబడ్డ అత్తగారు. "కనుబొమ్మలు కూడా చూడండి, గీసినట్టున్నాయి."

క్లిక్కయ్య లేచి, తలదించుకుని స్నానాల గదిలోకి వెళ్ళి గడియ వేసుకున్నాడు. చాలాసేపు నీళ్ళ చప్పుడు వినిపించింది.

బయటికి వచ్చేసరికి బడికి కావలసిన ఫోటో అచ్చు వేసి బల్ల మీద ఆరబెట్టి ఉంది. గొడుగు మాట అన్నప్పుడు తీసింది. ఆవిడ అందులో అరవడం లేదు, నవ్వడం లేదు. సూటిగా చూస్తోంది. వరండాలో పరుగెత్తే పిల్లాడు చూస్తే అక్కడికక్కడే ఆగిపోయే చూపు. క్లిక్కయ్యకి కూడా అది చూడగానే ఎందుకో చేతులు కట్టుకోవాలనిపించింది.

"బాగుంది," అన్నాడు నీరసంగా. ఇంకో ఏడాది ఆగాలి కదా అని మనసు ఉసూరుమంది.

సాయంత్రం ఫోను మోగింది. మెత్తన్నగారు.

"ఒరే అబ్బాయ్! అందింది నీ ఫోటో!"

"నా ఫోటోనా?"

"ఇన్నేళ్ళకి చురుగ్గా తీశావోయ్! పళ్ళు లెక్కపెట్టుకున్నాను. అన్నీ ఉన్నాయి. పిట్టని ఎంత తెలివిగా మసక చేశావు! ఇక ఆ పేరు చూశాక కుర్చీలో కూర్చోలేకపోయాను, నవ్వి నవ్వి. హాల్లో నడిమి గోడ నీదే!"

"పేరు..." అన్నాడు క్లిక్కయ్య జాగ్రత్తగా. "పేరు ఎలా ఉందంటారు? ఒకసారి చదవండి, మీ నోటితో వినాలనుంది."

"'మా ఆయన పిట్టని తీస్తుండగా'! ఎలా తట్టిందయ్యా నీకు?"

"ఏదో, అలా వచ్చేసిందండీ," అని ఫోను పెట్టేసి, క్లిక్కయ్య వంటింట్లోకి వెళ్ళాడు. భార్య కూరగాయలు తరుగుతోంది.

"నువ్వు పంపావా?"

"మీరు లోపల ఏడుస్తున్నట్టు వినిపించింది."

"ఏడవలేదు. కళ్ళలో సబ్బు పడింది."

"ఐదేళ్ళుగా చూస్తున్నాను. ఈ రోజుల్లో ప్రతి ఏడూ పడుతుంది మీకు సబ్బు." ఆవిడ తల ఎత్తలేదు. "పాపం అనిపించింది. ఉత్తరం తయారుగానే ఉంది. పేరొక్కటే మార్చాను. జలచర సంహారమేంటండీ, అసహ్యంగా!"

సోమవారం ఫోటో గోడెక్కింది. ఆ పూట నుంచి పిల్లలు అక్కడ తల దువ్వుకోవడం మానేసి, తలలు వంచుకుని గబగబా దాటిపోతున్నారు. కమిటీ వాళ్ళు కూడా అలాగే దాటిపోయారట.

ఆ సాయంత్రం క్లిక్కయ్య కెమేరాని అట్టపెట్టెలో సర్దుతుంటే అత్తగారు వచ్చింది.

"ఎందుకు సర్దుతున్నారు బాబూ?"

"షాపులో ఇచ్చేస్తానండీ. దీనికి బుర్ర చెడింది. పిట్టని చూపిస్తే మనుషుల వెంట పడుతోంది."

"అయ్యో, ఇచ్చేయకండి! మా ఇద్దరి మొహాలూ అందులోనే ఉన్నాయి. శనివారం మీరు పడుకున్నప్పుడు అమ్మాయి ముందు దానిది ఎక్కించుకుంది, తర్వాత నాది. ఇటు చూడు, అటు చూడు అని ఎంత నవ్వించిందో!"

క్లిక్కయ్య చేతిలో కెమేరాతో అలాగే భార్య దగ్గరికి నడిచాడు. ఆవిడ కుర్చీలో కూర్చుని పరీక్ష కాగితాలు దిద్దుతోంది.

"నా కెమేరాలో నీ మొహం ఎక్కించావా?"

"ఊఁ."

"నేను పిట్ట కోసం వెళ్తున్నానని తెలుసా?"

"నా ఫోటో తీస్తానని మీ అంతట మీరన్నప్పుడే తెలిసింది." ఆవిడ ఎర్ర కలం పక్కన పెట్టింది. "పెళ్ళయినప్పట్నుంచీ మీరు తీసిన ఫోటోలన్నీ వెతికానండీ. నా మోచెయ్యి ఉంది. నా నీడ ఉంది. ఆ కొండ కింద చీమ ఉంది. మొహం మాత్రం ఒక్కదాంట్లోనూ లేదు. ఎక్కడా లేకపోతే పోనీ, కెమేరాలోనైనా ఉండనీ అనిపించింది."

ఆవిడ నవ్వుతూనే అంది. కానీ క్లిక్కయ్యకి నవ్వు రాలేదు. సిగ్గేసింది. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు "ఇంక తప్పుకో" అన్నాడో గుర్తు తెచ్చుకోవడానికి కూడా ధైర్యం చాలలేదు. ఏదో ఒకటి అనాలి కనక, "మరి అత్తయ్యగారిది ఎందుకు?" అన్నాడు.

"నేను పొరపాటున పక్కకి తిరిగితే, కాపలాకి ఒకళ్ళుండాలిగా?"

"ఇప్పుడు దీన్ని తీసేయడం ఎలా?"

"అక్షరాలు మార్చేశారుగా మీరు! ఏ గుడిసె ఎక్కడుందో చదువుకుని తీసేసుకోండి." మళ్ళీ ఎర్ర కలం అందుకుంది. "లేదా నన్ను ఇంట్లో వదిలేసి, మీరొక్కరే వెళ్ళండి."

"నేనొక్కణ్ణే వెళ్తే పిట్ట ఎగిరిపోతుంది."

"అలాగా," అందావిడ.

ఈసారి ఆ మాటకి అర్థం క్లిక్కయ్యకి బాగా తెలిసింది. ఆవిడ పక్కనుంటే తప్ప పిట్ట కూర్చోదు. ఆవిడ పక్కనుంటే కెమేరా పిట్టని చూడదు. ఏ వైపు నుంచి చేసినా లెక్క అక్కడికే వచ్చి ఆగుతోంది.

క్లబ్బు వాళ్ళ ప్రదర్శన శనివారం మొదలైంది. నడిమి గోడ ముందు జనం నవ్వులతో నిలబడి ఉంటే, మెత్తన్నగారు భూతద్దం ఊపుకుంటూ వచ్చి క్లిక్కయ్య భార్యని పరిచయం చేయించుకున్నారు. ఫోటో వంకా ఆవిడ వంకా మార్చి మార్చి చూసి, "నోరు మూసుకుని ఉన్నారు కదమ్మా, అందుకని గుర్తుపట్టలేకపోయాను," అన్నారు. క్లిక్కయ్య పక్కకి తిరిగి దగ్గాడు. వచ్చినవాళ్ళంతా ఆయన చెయ్యి పట్టుకుని ఊపి, ఆ పేరు ఎలా తట్టిందని అడుగుతూనే ఉన్నారు. మొదట్లో "ఏదో, అలా వచ్చేసింది," అన్నాడు. భార్య పక్కనే నిలబడి వింటోందని గమనించాక, "అది మా ఆవిడ పెట్టింది," అనడం మొదలుపెట్టాడు. నిజానికి తీసింది కూడా ఆవిడేనేమో అని లోపల ఎక్కడో అనుమానం మొదలైంది.

మర్నాడు ఆదివారం. మళ్ళీ అదే గట్టు, అదే లేత ఎండ. ఎవరూ బలవంతపెట్టలేదు. క్లిక్కయ్యే కార్లో మడత కుర్చీ పెట్టాడు. కమలాపళ్ళు కూడా తనే కొన్నాడు.

భార్య గట్టు మీద నిలబడింది. "ఎడమ చెవి పక్కకి పెట్టాలా?" అని అడిగింది.

"అక్కర్లేదు. ఎలా ఉంటే అలా ఉండనీ."

కన్ను ఆనించాడు. ఆకుపచ్చ గడి వెతుక్కోకుండా, తడుముకోకుండా సరాసరి వెళ్ళి ఆవిడ కంటి మీద వాలింది. ఈసారి క్లిక్కయ్య దాన్ని తిప్పాలని చూడలేదు. ఇంత దగ్గరగా, ఇంతసేపు ఆవిడ మొహం చూసి ఎన్నాళ్ళయిందో ఆయనకి గుర్తు రాలేదు. కుడి కనుబొమ్మ చివర చిన్న మచ్చ ఉంది. అది ఎప్పట్నుంచి ఉందో అడగాలనుకున్నాడు. అడిగితే ఇంట్లో ఏమవుతుందో తెలుసు కనక ఊరుకున్నాడు.

అప్పుడే నీళ్ళ మీదుగా నీలం గీత ఒకటి దూసుకొచ్చి గొట్టం మీద వాలింది. నోట్లో చేప ఉంది. పోయిన ఆదివారం పట్టినంత పెద్ద చేప.

"ఏమండీ," అంది భార్య, పెదవులు కదలకుండా. "పిట్ట వచ్చిందా?"

"ఏ పిట్ట?" అన్నాడు క్లిక్కయ్య.

"అబద్ధం చెప్పడం ఈ జన్మలో రాదు మీకు," అంటూ ఆవిడ వెనక్కి తిరిగి చూసింది.

మొహం తప్పుకుంది. గొట్టం మీద పిట్ట చేపని పైకెగరేసింది. క్లిక్కయ్య వేలు మీట మీదే ఉంది. గడి ఒక్క క్షణం గాల్లో తడబడి, గిర్రున తిరిగి, పక్కన కమలాపండు ఒలుస్తున్న అత్తగారి కళ్ళద్దాల మీద దర్జాగా కూర్చుంది. ఆవిడ తలెత్తి, జుట్టు సవరించుకుని, చక్కగా నవ్వింది.

"తీశారా అల్లుడుగారూ?"

"తీశానండీ," అన్నాడు క్లిక్కయ్య.